టైల్ కాలదు సరే, దాని కిందున్న చెక్క మాటేమిటి?

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు, మంచు తుఫానుకు కరెంటు పోయిన మొదటి చలికాలం గడవగానే, కట్టెల స్టవ్ పెట్టించుకోవాలని చూస్తారు. ఆలోచన మంచిదే. కాని దాన్ని ఓక్ చెక్క నేల మీద నిలబెట్టడానికి కట్టే అరుగు విషయంలో కనిపించే నిర్లక్ష్యం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెక్క మీద ప్లైవుడ్, ప్లైవుడ్ మీద నాలుగు అందమైన టైల్స్ పరిచి, టైల్ కాలదు కాబట్టి భయం లేదని చెప్పి వెళ్లిపోయే పనివాళ్లను చూశాను. పైన పటారం, లోన లొటారం.

టైల్ కాలదన్నది నిజమే. కాని అది వేడిని ఆపదు కూడా. మామూలుగా 250 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని అంటుకోని చెక్క, ఏళ్ల తరబడి 100 డిగ్రీల చుట్టుపక్కల వేడికి మగ్గుతూ ఉంటే లోలోపల నల్లబడి, అంతకన్నా చాలా తక్కువ వేడికే రాజుకునే స్థితికి వస్తుంది. పదేళ్లుగా ఏమీ కాలేదు కదా అనే వాదన ఇక్కడ ధీమాకు కారణం కాదు, భయానికి కారణం.

చూడవలసింది స్టవ్‌తో వచ్చే మాన్యువల్. కొన్ని స్టవ్‌లకు నిప్పురవ్వల నుంచి రక్షణ చాలు. కాలని పలక ఏదైనా, సందులు లేకుండా ఉంటే సరిపోతుంది. మరికొన్నింటికి వేడి కిందికి దిగకుండా ఆపే శక్తి కావాలి, దాన్ని ఆర్-విలువగా అంకెలో రాస్తారు. ఆ అంకె 1.5 అనుకుందాం. మామూలు ఇటుక అంగుళానికి ఇచ్చేది సుమారు 0.2 మాత్రమే కాబట్టి, నాలుగంగుళాల ఇటుక పేర్చినా సగం దగ్గరే ఆగిపోతాం. టైల్ ఇచ్చేదైతే లెక్కలోకే రాదు. పొరల విలువలను కూడుకోవచ్చు గనుక సిమెంట్ బోర్డులు ఒకదానిపై ఒకటి వేసి లోటు పూడ్చవచ్చు. అయితే ఒకే మందం ఉన్న బోర్డుల్లోనూ కంపెనీని బట్టి ఆ విలువ చాలా మారుతుంది. డేటా షీట్ చూడకుండా కొనకూడదు. ఎత్తు కోసం అడుగున చెక్క ఫ్రేము కట్టేవారు అదీ నిప్పంటుకునే వస్తువేనని గుర్తుంచుకోవాలి: రక్షణ అంతా దాని పైనే ఉండాలి.

అరుగు కొలతలు కూడా మాన్యువల్‌లోనే ఉంటాయి. అమెరికాలో సాధారణంగా అది స్టవ్ తలుపు ముందు కనీసం 16 అంగుళాలు, పక్కలకు 8 అంగుళాలు ఉండాలని అడుగుతారు; కెనడాలో ముందువైపు 18. గది ఇరుకవుతుందని ముందుభాగాన్నే కోయించేవారున్నారు, కట్టె సర్దేటప్పుడు రవ్వ ఎగిరేది అటే అయినా!

పర్మిట్ తీసుకోండి. టైల్స్ అతికించే ముందు ప్రతి పొరకూ టేపు పెట్టి ఫొటో తీసి ఉంచుకోండి, ఎందుకంటే పైన టైల్ పడ్డాక కింద ఏముందో ఇన్‌స్పెక్టర్‌కూ ఇన్సూరెన్స్‌వారికీ చూపించడానికి మీ దగ్గర వేరే ఆధారం ఉండదు.