శకుంతలకు ఉంగరం అక్కర్లేదు

మన పురాణ కథతో ఒక సినిమా వచ్చిందంటే చాలు, నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట రెండు జట్లు తయారవుతాయి. పెద్దలు రాసింది ఒక్క అక్షరం కదపకూడదని ఒక జట్టు. ఇక్కడ విదేశాల్లో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఎక్కాలంటే మార్చక తప్పదని ఇంకో జట్టు. నేను రెండో జట్టు మనిషిని. అయినా వస్తున్న మార్పులు చూస్తుంటే బాధగా ఉంటోంది. పైపై మెరుగులకే డబ్బంతా పోస్తున్నారు, కథ లోపలికి వెళ్లే ధైర్యం చెయ్యడం లేదు.

శకుంతల కథనే చూడండి. 1966లో ఎన్టీఆర్, బి. సరోజాదేవి నటించిన 'శకుంతల' అయినా, 2023లో గుణశేఖర్ తీసిన 'శాకుంతలం' అయినా నడిచింది కాళిదాసు దారిలోనే. దుర్వాసుడు శపిస్తాడు, రాజు మరిచిపోతాడు, నీళ్లలో జారిపోయిన ఉంగరం చేప కడుపులో దొరుకుతుంది, రాజుకు అంతా గుర్తొస్తుంది. మధ్యలో గ్రాఫిక్స్ వచ్చాయి, త్రీడీ వచ్చింది. కథలో ముడి మాత్రం అదే. ఈ కథ విన్న పదిహేనేళ్ల అమ్మాయి ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది: "మరి ఆ చేప దొరక్కపోతే?"

చాలా సూటి ప్రశ్న. దానికి జవాబు తెలుగులో దాదాపు వెయ్యేళ్లుగా ఉంది.

భారతం ఆదిపర్వంలో శాపం లేదు, ఉంగరం లేదు, చేప అసలే లేదు. దుష్యంతుడు ఆశ్రమానికి వచ్చి గాంధర్వ వివాహం అన్నప్పుడు శకుంతల వెంటనే తల వంచెయ్యదు. తనకు పుట్టే కొడుకుకే రాజ్యం ఇవ్వాలని ముందే మాట తీసుకుంటుంది. బిడ్డ కణ్వాశ్రమంలోనే పుట్టి పెరుగుతాడు. కబురు ఎంతకీ రాకపోతే కొడుకుని వెంటబెట్టుకుని తనే నిండు సభకు వెళ్తుంది. అక్కడ దుష్యంతుడు ఆమెను గుర్తుపడతాడు. గుర్తుపట్టి కూడా నన్నయ పద్యంలో ఇలా అంటాడు: "ఏనెట నీవెట సుతుడెట, యే నెన్నడు దొల్లి చూచి యెఱుగను నిన్నున్". నేనెక్కడ, నువ్వెక్కడ, కొడుకెక్కడ, నిన్నెప్పుడూ చూడనే లేదు అని.

ఆ సభలో ఆమె పక్షాన మాట్లాడేవాడు లేడు. ఆమె ఏడుస్తూ కూర్చోదు, వాదిస్తుంది. మనలో చాలామంది బళ్లో బట్టీ పట్టిన "నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె" పద్యం అప్పుడు ఆమె నోట వచ్చిందే. నూరు నూతులకంటే ఒక దిగుడుబావి మేలు, నూరు దిగుడుబావులకంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాలకంటే ఒక కొడుకు మేలు, అలాంటి కొడుకులు నూరుగురికంటే ఒక సత్యవాక్యం మేలు. కొడుకుని చేత్తో పట్టుకుని నిలబడి, కొడుకుకంటే నిజం గొప్పదని చెబుతోంది ఆ తల్లి! ఈ పద్యాన్ని విడిగా నీతి పద్యంలా నేర్చుకుని ఆ సందర్భాన్నే మరిచిపోయాం.

కాళిదాసును తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన కూడా తన కాలానికి, తన నాటకానికి కావలసినట్టు కథను మార్చుకున్న మహాకవే. కానీ ఆ మార్పుతో రాజు నిర్దోషి అయిపోయాడు, తప్పంతా శాపం నెత్తిన పడింది. మన సినిమాకు అదే సుఖం. స్టార్ హీరో భార్యను తెలిసీ తెలియనట్టు నటిస్తే అభిమానులు ఊరుకోరనే భయం ఉంది కదా.

ఇప్పటి కాలానికి తెస్తామంటూ డీఎన్ఏ పరీక్ష పెట్టేవాళ్లు కూడా బయల్దేరవచ్చు. అలా చేస్తే ఇక మిగిలేదేమీ ఉండదు. బిడ్డ ఎవరన్నది ఆ సభలో అసలు ప్రశ్నే కాదు, రాజుకు ఆ సంగతి తెలుసు. నలుగురి ముందు ఒప్పుకుంటాడా లేదా అన్నదే ప్రశ్న. పెళ్లి చేసుకుని, విమానమెక్కి వెళ్లిపోయి, ఫోన్ ఎత్తని మగవాడి ముందు నిలబడ్డ ఆడపిల్లకు ఈ కథ నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడి మన తెలుగు సంఘాల్లో పనిచేసిన వాళ్లకు ఇలాంటి అమ్మాయిల కథలు కొత్త కాదు.

మార్పు అంటే మనవాళ్లకు చేతకానిదేమీ కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేనేలేదు. పైగా పాండవుల ఇంటి కథలో పాండవులే తెరమీద కనపడరు! అయినా తెలుగువాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. బలరాముడు మాట తప్పడం, డబ్బున్న సంబంధం రాగానే పాత సంబంధం చేదవ్వడం, ఇవన్నీ మన ఇళ్లలో జరిగేవే కాబట్టి. 2023లో 'ఆదిపురుష్' హనుమంతుడి నోట వీధి మాటలు పలికించి, విమర్శలు రాగానే డైలాగులు మార్చుకోవాల్సి వచ్చింది. భాషను మాత్రం ఇప్పటిది చేసి, మనిషిని ఎక్కడ పెట్టాలో ఆలోచించకపోతే అంతే.

ఓవర్సీస్ ప్రేక్షకులంటే నిర్మాతలకు ఇప్పుడు లెక్క ఉంది. టికెట్లు కొనే మనం ఏం కావాలో కూడా అడగాలి. ముందు మన వేదికల మీదే మొదలుపెట్టవచ్చు. ఈసారి పిల్లల నాటకాల్లో ఆశ్రమం, లేళ్లు, ఉత్తరం రాసే సీను వదిలేసి సభ ఘట్టం ఒక్కటే వేయించండి. పద్యం పద్యంలాగే ఉండనివ్వండి, మిగతా మాటలు పిల్లలనే రాయమనండి.

భారతంలో చివరికి ఆకాశవాణి పలికాక దుష్యంతుడు ఒప్పుకుంటాడు. నాకు తెలుసు, లోకనిందకు భయపడ్డాను అంటాడు. ఇప్పటి శకుంతల ఆ సంజాయిషీని ఒప్పుకుంటుందా, కొడుకు హక్కు కొడుక్కి ఇప్పించి తన దారిన తాను వెళ్లిపోతుందా, అసలు ఆకాశవాణి దాకా ఆగుతుందా? అది మాత్రం కొత్త దర్శకులు తమ ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. అక్కడ ఎంత మార్చినా నాకు అభ్యంతరం లేదు.