రెండో కోర్‌ని నిద్రలేపకుండానే ఓఎస్ సబ్జెక్ట్ పాసైపోతున్నాం

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు కూకట్‌పల్లి నుంచి వచ్చాడు. బీటెక్ మూడో సంవత్సరం. చంకలో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాబ్ రికార్డు. "అన్నా, మంగళవారం ఎక్స్‌టర్నల్ ఉంది. వైవాలో అడిగేవి నాలుగు చెప్పవా" అన్నాడు. రికార్డు తిరగేశాను. ఎఫ్‌సీఎఫ్‌ఎస్, ఎస్‌జేఎఫ్, రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథమ్, అంటే ఏ పని ముందు, ఏ వనరు ఎవరికి అని తేల్చే పద్ధతులు. పదిహేనేళ్ల కింద నేను రాసిన రికార్డే ఇది. అప్పట్లో నేను సీనియర్ రికార్డు తెచ్చుకుని ఎక్కించాను, వీడు వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ చూసి ఎక్కించాడు. ఈ పదిహేనేళ్లలో వచ్చిన మార్పు అంతే.

"నీ ల్యాప్‌టాప్‌లో ఎన్ని కోర్లురా?"

"ఎనిమిది."

"పవర్ బటన్ నొక్కగానే ఎనిమిదీ పనిలోకి దిగుతాయా?"

"దిగవా మరి? అందుకేగా డబ్బులు కట్టింది."

కోర్ అంటే ప్రాసెసర్‌లో సొంతంగా ప్రోగ్రామ్ నడపగల ఒక భాగం. వాడిని తప్పు పట్టను. ఇదే ప్రశ్న గచ్చిబౌలిలో ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఐదారేళ్ల అనుభవం ఉన్నవాళ్లని కూడా అడిగాను. రెజ్యుమెలో మల్టీథ్రెడింగ్ (ఒకే ప్రోగ్రామ్‌ని థ్రెడ్లు అనే ముక్కలుగా ఒకేసారి నడపడం) అని బోల్డ్‌లో ఉంటుంది. డెడ్‌లాక్‌కి (ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ అందరూ ఆగిపోవడానికి) నాలుగు షరతులు ఎక్కాల్లా అప్పజెబుతారు. ఆ థ్రెడ్లు పరిగెత్తే రెండో కోర్ అసలు ఎవరు లేపితే లేచిందని అడిగితే మాత్రం "బయోస్ చూసుకుంటుంది సార్" అంటారు. బయోస్ చూసుకుంటుంది, ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది, క్లౌడ్ చూసుకుంటుంది. మనం మాత్రం జీతం చూసుకుంటాం.

సరే, అసలు జరిగేది చెప్తాను. ఇంటెల్, ఏఎమ్‌డీ మెషీన్లలో కరెంటు రాగానే హార్డ్‌వేరే కోర్లన్నింట్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది. దాని పేరు బూట్‌స్ట్రాప్ ప్రాసెసర్. బయోస్‌ని (యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ని) ముఖ్యంగా నడిపేదీ, ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్ మొదటి వరుసని అమలుచేసేదీ అదే. మిగతావి చివరికి పిలుపు కోసం కదలకుండా ఎదురుచూస్తూ ఉంటాయి. మీరు వేలకు వేలు పోసి కొన్న ఎనిమిది కోర్ల యంత్రం కూడా కెర్నల్ మొదలైన కొత్తలో ఒంటి కోర్ బండే. వాటిని లేపే పని కెర్నల్‌ది.

లేపడం కూడా ఎలాగనుకున్నారు? కేపీహెచ్‌బీ హాస్టల్లో ఉన్నవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. తెల్లవారుజామున బస్సుకి రూమ్‌మేట్‌ని లేపాలి. ముందు దుప్పటి లాగేస్తాం. ఓ నిమిషం ఆగుతాం. తర్వాత "లేవరా" అంటాం. కదలకపోతే ఇంకోసారి అంటాం. ఇంటెల్ మాన్యువల్‌లో ఉన్న పద్ధతి అచ్చంగా ఇదే. ముందు ఇనిట్ అనే సంకేతం పంపాలి, కోర్ రీసెట్ అవుతుంది. 10 మిల్లీసెకన్లు ఆగాలి. తర్వాత స్టార్టప్ సంకేతం, దాన్ని సిపి అంటారు. 200 మైక్రోసెకన్లు ఆగి, అదే సంకేతం మళ్లీ. రెండుసార్లు పిలవమని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు పడీపడీ నవ్వొచ్చింది. ఇవన్నీ వెళ్లేది లోకల్ ఏపిక్ అనే చిన్న విభాగం ద్వారా. ప్రతి కోర్‌కీ ఒకటి ఉంటుంది. ఏ కోర్‌కి ఏ నంబరో బయోస్ సిద్ధం చేసి ఉంచే ఏసీపీఐ పట్టికలు చూసి తెలుసుకోవాలి.

ఇక్కడి నుంచే అసలు మజా. ఆ స్టార్టప్ సంకేతంలో మనం పంపగలిగేది ఒకే ఒక్క బైటు. దాన్ని 4096తో హెచ్చవేస్తే వచ్చే అడ్రస్ దగ్గర ఆ కోర్ లేస్తుంది. 8 పంపితే 32768 దగ్గర. ఒక బైటులో 256 విలువలే పడతాయి కాబట్టి, మెషీన్లో 64 జీబీ ర్యామ్ ఉన్నా లేచే చోటు మొదటి 1 ఎంబీలోనే ఉండాలి. పైగా లేచిన కోర్ 16 బిట్ రియల్ మోడ్‌లో లేస్తుంది. అంటే 1978లో వచ్చిన 8086 ప్రాసెసర్ ఎలా ఉండేదో అలా. నిన్నగాక మొన్న ఫ్యాక్టరీలోంచి వచ్చిన చిప్పు కళ్లు తెరిచేసరికి నలభై ఏళ్లకు పైగా వెనక ఉంటుంది. దానికి స్టాక్ (తాత్కాలిక లెక్కలు, తిరిగి వెళ్లాల్సిన చోటు రాసుకునే జాగా) లేదు, పేజీ టేబుల్ (మెమరీ పటం) లేదు, తన చుట్టూ ఉన్న కెర్నల్ సంగతే తెలియదు. అక్కడ ముందే పెట్టి ఉంచిన ట్రాంపొలిన్ కోడ్ అనే చిన్న ముక్క దాన్ని 16 నుంచి 32కి, 32 నుంచి 64 బిట్లకి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. ఒక్క సెగ్మెంట్ డిస్క్రిప్టర్ (మెమరీ భాగాన్ని వివరించే పట్టిక వరుస) తప్పు రాశామా, కోర్ అక్కడే పడిపోతుంది. ఎర్రర్ మెసేజ్ రాదు. స్క్రీన్ మీద అక్షరం వేసే స్థాయికి అదింకా రాలేదు మరి.

ఎందుకింత తెలుసంటే, ఉద్యోగం రాని ఏడాది నాకు ఇదే పని. పగలు అమీర్‌పేటలో ఏదో కోర్సు, రాత్రి హాస్టల్లో ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన చిన్న ఓఎస్ ఎక్స్‌వీ6 కోడ్ చదువుతూ నా సొంత కెర్నల్ రాసుకోవడం. క్యూఈఎమ్‌యూలో (కంప్యూటర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) నాలుగు కోర్లు పెట్టాను. ఒక్కొక్కదాన్నీ విడివిడిగా లేపడం ఎందుకని, అతితెలివితో మిగతా మూడింటికీ ఒకేసారి పిలుపు పంపాను. అలా పంపే సౌకర్యం ఏపిక్‌లో ఉంది కూడా. మూడూ లేచాయి. ట్రాంపొలిన్‌లో స్టాక్ అడ్రస్ రాసిన చోటు ఒక్కటే. మూడూ దాన్నే తీసుకున్నాయి. ఒకే కాగితం మీద ముగ్గురు ఒకేసారి వేర్వేరు లెక్కలు చేస్తే ఏమవుతుందో అదే అయింది. ఒకటి దాచుకున్న రిటర్న్ అడ్రస్ మీద ఇంకోటి రాసేసింది. ట్రిపుల్ ఫాల్ట్, అంటే తప్పుని సరిదిద్దబోయి మళ్లీ మళ్లీ తప్పులో పడి ప్రాసెసర్ చేతులెత్తేయడం. మెషీన్ రీబూట్. మళ్లీ లేపడం, మళ్లీ రీబూట్. రెండు రాత్రులు ఆ నల్ల తెర మిణుకుమిణుకుమంటూనే ఉంది. పక్క మంచం వాడు "అది ఆపి పడుకోరా బాబూ" అని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

తర్వాత ఎక్స్‌వీ6లో చూస్తే వాళ్లు ఎంత బుద్ధిగా చేశారో కనిపించింది. ఒక కోర్‌కి కొత్త స్టాక్ కేటాయిస్తారు, దాని అడ్రస్ ట్రాంపొలిన్ పక్కన రాస్తారు, ఆ కోర్‌ని లేపుతారు, అది 'నేను లేచాను' అని ఒక జెండా ఎత్తేదాకా ఆగుతారు, ఆ తర్వాతే రెండోదాని దగ్గరికి పోతారు. నేనూ అలాగే రాశాను, పనిచేసింది. సంబరంగా కోడ్‌ని వేగవంతం చేసే కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆన్ చేశాను, మొత్తం మళ్లీ ఆగిపోయింది. జెండా వేరియబుల్‌కి వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమనే మాట) అని రాయలేదు. ఈ లూప్‌లో దీన్ని మార్చేవాళ్లెవరూ లేరు కదా అనుకుని కంపైలర్ ఒక్కసారి చదివి ఊరుకుంది. అవతల కోర్ జెండా పట్టుకుని నిలబడే ఉంది, ఇవతలది తలెత్తి చూడటం లేదు. ఫోన్లలో ఉండే ఆర్మ్ కోర్లయితే ఇంతటితో కూడా పోదు. మధ్యలో మెమరీ బ్యారియర్ (రాతల వరుస తప్పకుండా చూసే ఆదేశం) లేకపోతే, డేటా కంటే ముందు జెండా కనిపించినా కనిపించవచ్చు. పుస్తకంలో మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ (ఒకసారి ఒక్కరే అనే నియమం) చాప్టర్ మూడుసార్లు చదివిన నాకు అది నిజంగా తలకెక్కింది ఆ రాత్రే.

ఇదంతా పాతకాలపు గోల, ఇప్పుడెవరికి కావాలి అనేవాళ్లు ఉన్నారు. మొన్న ఆఫీస్ క్యాంటీన్‌లో ఒకాయన ఇదే అన్నారు. కానీ 2023లో వచ్చిన లైనక్స్ కెర్నల్ 6.5లోనే ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ) కోర్లని ఒకదాని వెనక ఒకటి కాకుండా సమాంతరంగా లేపే మార్పు చేర్చారు. 1996లో లైనక్స్ 2.0తో బహుళ ప్రాసెసర్ల మద్దతు వస్తే, ఇది కుదరడానికి ఇన్నేళ్లు పట్టింది. ఎలా కుదిరిందంటే, లేచిన ప్రతి కోర్ ముందు తన ఏపిక్ నంబర్ తానే చదువుకుని, దాన్నిబట్టి తన స్టాక్ తాను వెతుక్కుంటుంది. నేను రెండు రాత్రులు పాడుచేసుకున్న తప్పుకి సరైన మందు అన్నమాట. ఎవరికి కావాలంటారా? మాన్యువల్ చెప్పిన 10 మిల్లీసెకన్లు ఒక్కో కోర్‌కీ ఆగితే 200 కోర్ల సర్వర్‌కి 2 సెకన్లు. కొత్త ప్రాసెసర్ల మీద ఆ విరామం లైనక్స్ ఎప్పుడో తీసేసిందనుకోండి, అయినా ఒక్కొక్కదానికీ పట్టే సమయం కలుస్తూ పోతుంది. వర్చువల్ మెషీన్లని ఆపి ఉంచి కింద కెర్నల్ మార్చే క్లౌడ్ సర్వర్‌లో ఆ కాసేపూ లెక్కే. 'క్లౌడ్ చూసుకుంటుంది' అన్నారే, ఇలా చూసుకుంటుంది. చూసుకునేది మనుషులే.

లేపడం ఒక ఎత్తు, లేచినవాళ్లు కొట్టుకోకుండా కలిసి కాపురం చేయడం ఇంకో ఎత్తు. మొదట్లో కెర్నల్ మొత్తానికి ఒకే పెద్ద తాళం వేశారు, బిగ్ కెర్నల్ లాక్ అని. కెర్నల్ లోపలికి ఒకసారి ఒక్క కోరే వెళ్లాలి. దాన్ని ముక్కలు ముక్కలుగా విడదీస్తూ పూర్తిగా తీసేసింది 2011లో, 2.6.39లో. పదిహేనేళ్లు. లాకింగ్ మీద పాఠం చెప్పాలంటే ఇంతకంటే మంచి కథ ఎక్కడ దొరుకుతుంది? మనం మాత్రం ఇంకా పుస్తకంలోని పాత ఉదాహరణలో ఐదుగురు తత్వవేత్తలకి ఫోర్కులు పంచుతున్నాం. చేత్తో కలుపుకుని తినేవాళ్లకి ఆ ఉదాహరణే సరిగా ఎక్కదు.

ఏఎమ్‌డీ, ఇంటెల్, క్వాల్‌కామ్ మూడింటికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ ఆఫీసులున్నాయి. వాటికి బస్సు దూరంలో ఉన్న కాలేజీలో పిల్లలు సీ ప్రోగ్రామ్‌లో అర్రే పెట్టి షెడ్యూలర్ అని పేరు రాసి, అవుట్‌పుట్ పెన్సిల్‌తో ఎక్కిస్తున్నారు. నాకు కడుపు మండేది ఇక్కడే. ఒక్క సెమిస్టర్ ఆ ల్యాబ్ ప్రోగ్రాములు పక్కనపెట్టి రెండో కోర్‌ని లేపించండి. క్యూఈఎమ్‌యూ ఉచితం, ఎక్స్‌వీ6 ఉచితం. సార్లకే రాదు కదా అంటారు. రానివ్వండి, ఇద్దరూ కలిసే నేర్చుకుంటారు, అందులో నామోషీ ఏముంది?

వైవా ప్రశ్నలు నాలుగూ చెప్పాను లెండి, పాసవ్వాలి కదా. తర్వాత వాడి ల్యాప్‌టాప్‌లో లైనక్స్ బూట్ చేసి, ఒక ఫైల్‌లో సున్నా రాయించి మూడో నంబర్ కోర్‌ని ఆపించాను. మళ్లీ ఒకటి రాయించి లేపించాను. బూట్ లాగ్‌లో ఆ కోర్ లేచిన వరుస కనిపించేసరికి వాడు ముందుకు వంగాడు. మళ్లీ ఆపాడు, మళ్లీ లేపాడు. అమ్మ టీకి పిలిస్తే కదల్లేదు. సున్నా నంబర్ కోర్‌ని కూడా ఆపబోయి, అది ఒప్పుకోకపోతే "దీన్నెందుకు ఆపనివ్వదన్నా?" అన్నాడు.

రికార్డు మా సోఫా మీదే మర్చిపోయి వెళ్లాడు. రేపు పొద్దున కూకట్‌పల్లి వెళ్లి ఇచ్చి రావాలి.