నాలుగొందల గంటల నాయకుడు

ఆమధ్య ఒక శనివారం మా మనవడు నాకు గ్లాసుడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అడక్కుండానే. నేను డాలస్ వచ్చి అప్పటికి రెండు నెలలైంది, ఇలాంటిది జరగడం అదే మొదటిసారి. ఆనందంతో కళ్లు తడవబోయేంతలో వాడు వంటింటివైపు తిరిగి, "మామ్, ఇది సర్వీస్ కిందికి వస్తుందా?" అని అరిచాడు.

"రాదురా, సొంత తాతయ్య కదా," అంది మా అమ్మాయి పప్పుకి తాలింపు పెడుతూ. "ఎదురింటి తాతగారికి ఇస్తే వస్తుంది."

వాడు గ్లాసు వంక చూశాడు. అప్పటికే నేను సగం తాగేశాను.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకి ఈపాటికి సంగతి అర్థమై ఉంటుంది. మిగిలినవాళ్ల కోసం చెబుతాను. అమెరికా పార్లమెంటు 1979లో చట్టం చేసి మరీ కుర్రకారుకి ఒక అవార్డు పెట్టింది. కాంగ్రెషనల్ అవార్డు అంటారు. పిల్లల కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి ఇక్కడి మనవాళ్లంతా దాని వెంట పడ్డారు. దానికీ మన కాంగ్రెస్ పార్టీకీ ఏ సంబంధమూ లేదు, మా వియ్యంకుడు మాత్రం ఇంకా నమ్మడం లేదు. బంగారు పతకం కావాలంటే 400 గంటలు ప్రజాసేవ, 200 గంటలు వ్యక్తిత్వ వికాసం, 200 గంటలు వ్యాయామం, ఆపైన నాలుగు రాత్రులు ఐదు పగళ్లు ఎక్కడికైనా సాహసయాత్ర చెయ్యాలి. ఇందులో ఒకరితో ఒకరికి పోటీ లేదు. పిల్లవాడు తన లక్ష్యం తానే పెట్టుకుని తానే అందుకోవాలి. ఎవరు ఆలోచించారో గానీ చక్కటి ఏర్పాటు, అందులో ఒక్క అక్షరాన్ని కూడా తప్పుపట్టను.

గంటలకి సాక్ష్యం చెప్పే పెద్దలు మాత్రం తల్లిదండ్రులు, చుట్టాలు కాకూడదని నియమం. పాపం, చట్టం రాసినవాళ్లకి కుండమార్పిడి సంబంధాల గురించి తెలియదు. నీ పిల్లని మా ఇంటికివ్వు, మా పిల్లని మీ ఇంటికిస్తామని తరతరాలుగా బేరాలు కుదుర్చుకున్న జాతి మనది. నీ కొడుకు గంటలకి నేను సంతకం పెడతాను, నా కొడుకు గంటలకి నువ్వు పెట్టు. ఈ కాలనీలో ఏ గుమ్మానికి ఏ గుమ్మంతో సంతకాల వియ్యం ఉందో మా అమ్మాయి వేళ్ల మీద చెబుతుంది.

ఇంతకుముందు మనవాళ్లంతా ఇంకో అవార్డు మీద ఉండేవారట. 2003లో మొదలైంది, దేశాధ్యక్షుడి పేరు మీద ఇచ్చేది. పదహారు నుంచి పాతికేళ్ల వయసువాళ్లకి ఏడాదిలో 250 గంటలు చేస్తే బంగారు స్థాయి. 2025లో దాన్ని ఆపారు. రేషన్ షాపులో పంచదార లేదని బోర్డు పెట్టినా మన ఊళ్లో అంత గగ్గోలు పుట్టదు. "మావాడికి ఇంకా ముప్ఫై గంటలే తక్కువండీ," అని ఒకావిడ ఫోన్లో ఏడ్చిందట. సేవ చెయ్యడానికి అడ్డేముంది, ఆ ముప్ఫై గంటలూ చెయ్యొచ్చుగా అన్నాను. మా అమ్మాయి నన్ను విచిత్రంగా చూసింది.

సరే, నీళ్ల గ్లాసు దగ్గరికి వద్దాం. ఎదురింటివాళ్లది విజయవాడ. వాళ్లింట్లోనూ పదిహేనేళ్ల అబ్బాయి ఉన్నాడు, ఇండియా నుంచి దిగిన తాత ఉన్నాడు. ఆ సాయంత్రమే రెండిళ్ల ఆడవాళ్లూ కూర్చుని తాతల మార్పిడి ఖాయం చేశారు. వాళ్లబ్బాయి నాకు స్మార్ట్‌ఫోన్ నేర్పాలి, మావాడు ఆయనకి కంప్యూటర్ నేర్పాలి. వారానికి రెండు పూటలు, పూటకి రెండు గంటలు.

"నాకు ఫోన్ వచ్చు కదమ్మా," అన్నాను.

"కాస్త రానట్టు ఉండు నాన్నా. పిల్లల ఫ్యూచర్."

మర్నాడు ఆ కుర్రాడు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. మంచి పిల్లాడు, వంగి నమస్కారం చేశాడు. "తాతగారూ, దిస్ ఈజ్ ఎ ఫోన్," అని మొదలుపెట్టాడు. పాఠానికి పదకొండు స్లైడ్లు. మొదటి స్లైడు మీద ఫోన్ బొమ్మ, రెండో స్లైడు మీద అదే ఫోన్ కాస్త పెద్దగా. నేను ఆశ్చర్యపోయాను. ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పినవాణ్ణి, ఆశ్చర్యపోయే విద్యార్థి ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

కష్టమల్లా జేబులో ఉన్న నా ఫోన్‌తోనే. నేను పద్నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాను, మూడింటికి అడ్మిన్‌ని. సరిగ్గా ఆ పూటే మా రిటైర్డ్ లెక్చరర్ల గ్రూపులో డీఏ బకాయిల మీద యుద్ధం జరుగుతోంది. ఫోను జేబులో గింజుకుంటోంది. కుర్రాడు "ఈ పచ్చ బటన్ నొక్కితే కాల్ వెళ్తుంది," అని చూపిస్తుంటే "ఆహా" అంటూ, బల్ల కింద నుంచి ఒకాయనకి జీవో నంబరు పంపాను. రెండో పూట దొరికిపోయాను. వాడు పాఠం చెప్పడానికి నా ఫోన్ చేతికిచ్చి "ఏదైనా నొక్కండి" అన్నాడు. అలవాటు చొప్పున బొటనవేలు తనంతట తానే వెళ్లి ఒక గ్రూపుని మ్యూట్ చేసి, ఇద్దర్ని తీసేసి, గుడ్‌మార్నింగ్ బొమ్మ ఒకటి నాలుగు చోట్లకి ఫార్వర్డ్ చేసింది. కుర్రాడు నోరు తెరిచాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"పొరపాటున తగిలినట్టుంది బాబూ," అన్నాను.

వాడి ముఖంలో వెలుగు తిరిగొచ్చింది. గరిటె మళ్లీ కదిలింది.

ఎదురింటాయన, నేనూ సాయంత్రం వాకింగ్‌లో కలుస్తాం. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. తన బ్రాంచిలో లెడ్జర్లన్నీ తీసేసి కంప్యూటర్లు పెట్టించింది ఆయనే. "మీవాడు నిన్న నాకు మౌస్ పట్టుకోవడం నేర్పాడండీ," అన్నాడు గంభీరంగా. "ఎంతసేపు పట్టుకున్నారు?" అన్నాను. "గంటంపావు. రెండు గంటలని రాశారు. డబుల్ క్లిక్ వచ్చే వారం."

నెల తిరిగేసరికి పిల్లలిద్దరూ కలిసి ఒక సేవాసంస్థ పెట్టేశారు. లోగో ఉంది, వెబ్‌సైటు ఉంది. ఎదురింటి అబ్బాయి వ్యవస్థాపకుడు, మావాడు అధ్యక్షుడు, తొమ్మిదేళ్ల మా మనవరాలు వ్యూహాల అధిపతి. కింద మెంబర్లెవరూ లేరు. వార్డు మెంబర్లు లేని పంచాయతీ, అందరూ సర్పంచులే. అందులో నా ఫొటో కూడా పెట్టారు. దాని కింద ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెబితే, "డిజిటల్ వెలుగు చూడని గ్రామీణ వృద్ధుడు."

వినాయక చవితికి ఇక్కడి తెలుగువాళ్లంతా ఒక హాలు తీసుకున్నారు. పులిహోర ట్రే ఒక్కటి, దాని వెనక చేతులకి గ్లవ్స్ తొడిగిన పిల్లలు పదకొండు మంది. ఒకడు మూత తీస్తాడు, ఒకడు పట్టుకుంటాడు, ఒకడు గరిటె అందిస్తాడు, ఒకడు వడ్డిస్తాడు, ఒకమ్మాయి "ఎంజాయ్" అంటుంది. మిగిలిన ఆరుగురూ పర్యవేక్షణ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నూటయాభై మందికి ఆ పులిహోర కలిపిన పెద్దావిడ వెనక కుర్చీలో మోకాళ్లు నొక్కుకుంటోంది. ఆవిడ గంటలు ఎవరూ రాసుకోలేదు. సాహసయాత్ర సంగతి కూడా తేలిపోయినట్టే. వచ్చే వేసవిలో ఇండియా వెళ్లి అలిపిరి మెట్లెక్కుతారట, 3,550 మెట్లు. మిగిలిన నాలుగు రోజులూ తిరుపతిలో మా మేనల్లుడింట్లో, ఏసీలో. చెల్లుతుందో లేదో కనుక్కుంటున్నారు.

నేనేదో మడి కట్టుకుని మాట్లాడుతున్నాననుకోకండి. కాలేజీ పిల్లల చేత సేవ చేయించే ఎన్నెస్సెస్‌కి, అంటే జాతీయ సేవా పథకానికి, పన్నెండేళ్లు ప్రోగ్రాం ఆఫీసర్‌ని. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో పెట్టిన పథకం. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240, మధ్యలో ఏడు రోజుల క్యాంపు. "నాట్ మీ బట్ యూ" అని బ్యాడ్జీల మీద, బ్యానర్ల మీద రాసుకునేవాళ్లం. మా క్యాంపుల్లో కొత్త చీపుర్లు ఫొటో అయ్యేదాకా దారాలు కూడా విప్పేవాళ్లం కాదు, దుకాణంలో తిరిగివ్వాలి కదా. ఊడ్చిన రోడ్డునే మూడేళ్లు ఊడ్చాం, ఎందుకంటే సర్పంచి ఇల్లు అక్కడే. 80 గంటలు చేసినవాడికి 240 రాసిన చెయ్యి ఇదే. కానీ ఆ కుర్రాళ్లలో కొందరు క్యాంపు అయ్యాక కూడా ఆ ఊరికి వెళ్తుండేవారు, ఎవరూ రాసుకోకపోయినా. అలాంటివాడొకడు ఇప్పుడు పల్నాడులో మా ఊరి హైస్కూలు హెడ్మాస్టరు.

వాడి ఫోన్ నంబరు మావాడికి ఇచ్చింది నేనే. అది నేను చేసిన తప్పు.

సంస్థ పెట్టాక ప్రాజెక్టు కావాలిగా. కాలనీలో పాత పుస్తకాలు పోగుచేసి మా ఊరి బడికి పంపాలని నిర్ణయించారు. పోగుచేసింది తల్లులు, పెట్టెలకి టేపు వేసింది తండ్రులు, ఓడ ఖర్చు భరించింది ఎదురింటాయన. ఇరవైరెండు పెట్టెలు. అందులో ఏమున్నాయో నేను చూశాను. శాట్ పరీక్ష గైడ్లు, నాలుగో తరగతి టెక్సస్ చరిత్ర, టర్కీ కోడి వండే పుస్తకాలు, డ్రైవింగ్ లైసెన్సు నిబంధనలు. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషులోకి ఇప్పుడిప్పుడే పడుతూ లేస్తూ నడుస్తున్న పిల్లలకి, టెక్సస్‌లో ఎర్రలైటు దగ్గర కుడివైపు ఎప్పుడు తిరగొచ్చో చెప్పే పుస్తకం.

ప్రారంభోత్సవం వీడియో కాల్‌లో పెట్టారు. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదింటికి, అంటే అక్కడ ఆదివారం పొద్దున్న ఏడున్నర. ఆదివారమండీ. బడి లేదు, బడి లేదు కాబట్టి మధ్యాహ్న భోజనమూ లేదు. పిల్లల్ని ఏడింటికే రప్పించి, బ్యానర్ పట్టించి, వరసలో నిలబెట్టారు. మావాడికి ఆ రోజు సాకర్ ఆట ఆలస్యమైంది. ఇంటికొచ్చి, స్నానం చేసి, పిజ్జా తిని, కెమెరా ముందు కూర్చునేసరికి పదిన్నర. అక్కడ తొమ్మిది. రెండు గంటలు ఎండలో నిలబడ్డారా పిల్లలు! ఇద్దరు కళ్లు తిరిగి పడితే వాళ్లని పక్కన కూర్చోబెట్టి బ్యానర్ ఖాళీ కనపడకుండా ఇంకో ఇద్దర్ని నిలబెట్టారు. వీడు "మీ జీవితాల్లో మార్పు తెస్తున్నందుకు గర్వంగా ఉంది" అని చూసి చదివాడు. వాళ్లచేత "థాంక్యూ అన్నయ్యా" అనిపించారు. సౌండ్ సరిగా రాలేదని మళ్లీ అనిపించారు! నేను సోఫాలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. నోరు తెరిచి ఆపండి అనలేదు. అనాల్సింది. నా సొంత ఊరి పిల్లలు, నా మనవడి కాలేజీ దరఖాస్తులో నాలుగు లైన్ల కోసం ఖాళీ కడుపుతో ఎండలో నిలబడ్డారు. దీన్ని నాయకత్వం అంటున్నారు. సిగ్గు లేదూ మనకి!

తర్వాత హెడ్మాస్టర్‌కి ఫోన్ చేసి క్షమించమన్నాను. "భలేవారే సార్, మీ మాట కాదంటానా," అన్నాడు వాడు. లారీ కల్వర్టు దాటలేకపోతే పెట్టెలన్నీ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలే అరకిలోమీటరు మోసుకొచ్చారట. ఎక్కడ పెట్టారంటే, స్టాఫ్ రూములో, విప్పకుండానే, వాన నీళ్లు కారే చోట ఒక గోడలా పేర్చారట. అందుకైతే బాగా పనికొస్తున్నాయట. మాటల్లో ఇంకొకటి చెప్పాడు. అటెండర్ పోస్టు ఖాళీగా ఉంది కదా, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకత్తి రోజూ గంట ముందే వచ్చి, తాళాలు తీసి, గదులు ఊడ్చి, తాగేనీళ్ల డ్రమ్ము నింపుతుందట. రెండేళ్లుగా. ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టింది.

ఫోన్ పెట్టేసి కాగితం తీసుకున్నాను. రోజుకి గంట, ఏడాదికి 220 పనిదినాలు, రెండేళ్లు. 440.

మా అమ్మాయికి చూపించాను. కాసేపు దాని వంకే చూసి, "పాపం" అంది. తర్వాత, "ఆ పెట్టెలు మోసిన ఫొటోలేమైనా ఉన్నాయేమో హెడ్మాస్టర్ గార్ని అడుగు నాన్నా," అంది.

రేపు మంగళవారం. ఎదురింటి అబ్బాయి ఈమెయిల్ పాఠానికి వస్తాడు. పాస్‌వర్డ్ మరిచిపోయినట్టు ఉండాలట, మార్చుకోవడం ఎలాగో నేర్పడానికి ఒక గంట వేసుకున్నారు.