పేరు ఆటగాడిది, పీట సినిమాది

2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇచ్చింది. హీరోలు వచ్చారు, దర్శకులు వచ్చారు, ముఖ్యమంత్రి వచ్చారు. నాటకం మాత్రం రాలేదు. ఎవరూ పిలవలేదు కాబట్టి రాలేదు.

గద్దర్ ఎవరు? విప్లవ పాటలు, ఆటల బృందం జననాట్యమండలి మనిషి. గోచీ కట్టి, గొంగడి వేసుకుని, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్రతో ఊరి నడిమధ్య జనం ముందు ఆడిపాడిన మనిషి. అలాంటి పేరు తీసుకెళ్లి వెండితెరకు అంటించి, ఆ పేరు పుట్టిన వేదికను వాకిట్లో నిలబెట్టారు. 2024 జనవరి 31న ఈ అవార్డుల సంగతి ప్రకటించినప్పుడు కవులు, కళాకారులు అన్న మాట కూడా వినబడింది. ఆహ్వాన పత్రిక అచ్చయ్యే వేళకి మిగిలింది సినిమా ఒక్కటే.

సినిమావాళ్ల మీద మాకేం కోపం లేదు. ఏళ్ల తరబడి ఆగిపోయిన అవార్డులు వాళ్లకు రావాల్సిందే, వచ్చాయి కూడా. 2014 నుంచి 2023 దాకా ఏడాదికి మూడేసి ఉత్తమ చిత్రాలను ఎంచి పాత బాకీ తీర్చేశారు. అటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ 2017 నవంబరులో మూడేళ్ల సినిమా నంది అవార్డులను ఒక్కరోజే ప్రకటించి చేతులు దులుపుకుంది. సినిమాకు ఇదంతా కుదురుతుంది, పదేళ్ల తర్వాత వేసినా అదే బొమ్మ, అదే డైలాగు. నాటకానికి ఎలా కుదురుతుంది? 2016లో ఆడిన నాటికను ఇవాళ ఏ జ్యూరీ చూస్తుంది? ఎవరో ఫోన్‌తో తీసిన, ముందు వరస తలకాయలు అడ్డొచ్చే వీడియోలో చూస్తుందా? అప్పటి అట్ట గోడలు ఎలకలు కొట్టేసి ఉంటాయి, తండ్రి వేషం వేసినాయన మోకాళ్ల నొప్పులతో మానేసి ఉంటాడు. నాటకాన్ని ఆడిన రాత్రే చూడాలి. చూడలేదా, ఆ ఏడాది పోయినట్టే. తర్వాత తీరుద్దామంటే బాకీ కూడా మిగలదు.

నాటకం వేసేవాళ్లను దగ్గరి నుంచి చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పగలు బ్యాంకులోనో బడిలోనో ఉద్యోగం, రాత్రి ఎవరింటి డాబా మీదో రిహార్సల్. పోటీ రోజున సోఫా, కిటికీ చట్రం, అట్టతో చేసిన తులసికోట డీసీఎం వ్యాన్‌లో వేసుకుని పోయి, ముందు ఆడినవాళ్లు సెట్టు విప్పుతుంటే ఆ సందులోనే తమ మేకులు కొట్టుకోవాలి. న్యాయనిర్ణేతలు ముందు వరసలో చిన్న లైటు కింద మార్కులు వేస్తుంటారు. ఒక్క మైకు గరగరలాడిందంటే ఆర్నెల్ల కష్టం ఖతం. ఇంత టెన్షన్ పడేది ఏదో ఒక రోజు సర్కారు చూస్తుందనే కదా!

ఇక నాటకాన్నే బువ్వగా నమ్ముకున్నవాళ్లు సురభి వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలెట్టిన కుటుంబాలవి. వాళ్ల కాలనీ ఈ నగరంలోనే, శేరిలింగంపల్లిలో ఉంది. ఢిల్లీవాళ్లకు కనబడి 2013లో సురభి బాబ్జీకి పద్మశ్రీ ఇచ్చారు. అవార్డుల పండగ జరిగిన హైటెక్స్ నుంచి ఆ కాలనీకి దారి మాత్రం ఎవరికీ దొరకలేదు.

అటు పక్క ఆంధ్రప్రదేశ్‌లో గొప్పగా ఉందని కాదు. సినిమాకు నంది 1964లో వస్తే నాటకానికి 1998 దాకా రాలేదు. వచ్చాకైనా ఏటా నడిచిందా? 2022 నంది నాటకోత్సవాలను గుంటూరులో జరిపింది 2023 డిసెంబరులో. ప్రభుత్వం మారితే కమిటీ మారుతుంది, కమిటీ మారితే నిబంధనలు మారతాయి, ఈలోపు ఏడాది దొర్లిపోతుంది. లేపాక్షి బసవన్న కదలడంటే రాతివాడు, ఈ నందికి ఏం రోగం?

ముందు సినిమా కానివ్వండి, నాటకం సంగతి తర్వాత చూద్దాం అనేవాళ్లున్నారు. నాటక పోటీలు పెట్టే పరిషత్తులు ఎలాగూ బహుమతులు ఇస్తున్నాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. ఇస్తున్నాయి, నిజమే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది మొదలు ఊరూరా ఎన్నో పరిషత్తులు చందాలెత్తి మరీ ఇస్తున్నాయి. చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లకు కుదిరింది ఖజానా తాళాలున్న వాళ్లకు ఎందుకు కుదరదు? ఇవాళ దీన్ని పోనీలే అని వదిలేస్తే ఇదే రివాజు అవుతుంది. వేదిక నుంచి పేరు తీసుకోవడం, తెరకు పీట వేయడం. రేపు సురభి పేరుతో వెబ్ సిరీస్‌లకు అవార్డులు ఇచ్చినా అడిగే దిక్కుండదు.

మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవం వస్తుంది. మంత్రులు, అధికారులు శాలువాలతో దిగుతారు, నాటకానికి పూర్వవైభవం తెస్తామంటారు. ఆ ఉపన్యాసాలు గంటన్నర సాగాక, గంట నాటికను నలభై నిమిషాల్లో లాగించేయమని నిర్వాహకుడు తెర వెనక బతిమాలుకుంటాడు. అయ్యా, ఈసారి శాలువాలు వద్దు. జీవో పట్టుకురండి. ఏ నెలలో పోటీ, ఏ హాల్లో, బహుమతి ఎంత, అన్నీ అందులో ఉండాలి, ‘ఏటా’ అన్న మాటతో సహా. అది లేకపోతే రావద్దు. ముందు వరస కుర్చీలు ఖాళీగా ఉంటే టికెట్ కొన్నవాళ్లు కూర్చుని నాటకం చూస్తారు.