సుల్లాతురియో గారికి ఒక ఫిర్యాదు

మాన్యశ్రీ సుల్లాతురియో అనే లాటిన్ క్రియాపదం గారికి,

నమస్కారాలు. నిఘంటువులో మీ పేరు పక్కన ‘సుల్లా అంతటివాడు కావాలని ఉవ్విళ్లూరుట’ అన్న అర్థం చూసి, ఇదేదో పసిపిల్లల ముచ్చట కాబోలనుకున్నాను. ఆ సుల్లా అనే రోమన్ సేనాని క్రీస్తుపూర్వం 82లో రోమును చేజిక్కించుకుని, గిట్టనివారి పేర్ల జాబితాలను నడిబొడ్డున పెట్టించి, వారిని చంపినవారికి బహుమానమనీ, వారి ఆస్తులు వేలానికనీ చాటించిన మహానుభావుడని తరువాత తెలిసింది.

మీ వంశం మంచిదే. ‘ఉరియో’ అన్న తోక తగిలితే పని కాస్తా కోరిక అవుతుంది. మీ ఇంటి పెద్ద ‘ఎసురియో’ అంటే తినాలనిపించడం, అంటే ఆకలి. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న బుభుక్ష, పిపాస, ముముక్షువు కూడా ఈ బాపతు సన్నంతాలే (కోరికను తెలిపే రూపాలే). మీ బంధువునొకరిని రోమన్ కవి మార్షల్ మరుగుదొడ్డి దాకా తీసుకుపోయాడు గాని, మర్యాద కోసం ఆ పేరు ఇక్కడ రాయను. మీరు మాత్రం ధాతువును వదిలి, ఏకంగా ఒక మనిషి పేరుకే ఆ తోక తగిలించుకుని వెలిశారు.

క్రీస్తుపూర్వం 49 మార్చిలో, సీజరు ధాటికి అతని ప్రత్యర్థి సేనాని పాంపే ఇటలీ విడిచిపోయిన రోజుల్లో, రోమన్ వక్త సిసిరో తన మిత్రుడు అట్టికస్‌కు ఉత్తరం రాస్తూ, పాంపే మనసు ఎన్నాళ్లుగానో ‘సుల్లాతురిత్’, ‘ప్రోస్క్రిప్తురిత్’ అన్నాడు. సుల్లా కావాలనీ, తానూ ఆ జాబితాలు రాయాలనీ ఆయనకు దురద పుట్టిందని భావం. ‘సుల్లాకు చేతనైనది నాకు చేతకాదా?’ అన్నది పాంపే నోట తరచూ వచ్చే మాటని కూడా అందులోనే ఉంది.

నా ఫిర్యాదల్లా మీ బద్ధకం మీదే. ఒక్క ఉత్తరంలో కొలువు చేసి, ఆపై అలంకారశాస్త్ర గురువు క్వింటిలియన్ ఉదాహరణగా ఎత్తిచూపడం తప్ప, మీరు చెప్పుకోదగ్గ పని చేసిన జాడ లేదు. అయినా మిమ్మల్ని పిలిచేదెవరు? సుల్లా అంతటివాడే తన పదవిని చట్టాలు రాయడానికీ, రాజ్యాన్ని చక్కదిద్దడానికీ అని చెప్పుకున్నాడు. దురద ఉన్నవాడెవడూ దాన్ని దురద అనడు.

క్రీస్తుపూర్వం 43లో ఆంటోనీ, ఆక్టేవియన్, లెపిడస్ కూడా రాజ్యాన్ని చక్కదిద్దే ముగ్గురమనే బిరుదు తగిలించుకుని జాబితాలు రాశారు. వాటిలో మిమ్మల్ని పుట్టించిన సిసిరో పేరు ఉంది. డిసెంబరు 7న ఆయన తల తెగింది. వారికి ‘ప్రోస్క్రిబో’ (జాబితాకెక్కిస్తాను) అన్న మామూలు క్రియే సరిపోయింది; మీ తోకతో పని పడలేదు.

భవదీయుడు,
ఒక నిఘంటు పాఠకుడు