వెలుతురు పంపకాల ట్రిబ్యునల్ వెంటనే వెయ్యాలి

కృష్ణా నీళ్ల పంపకానికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. 1973లో తీర్పు వచ్చింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 811 టీఎంసీలని బెజవాడలో ఏ టీకొట్టు దగ్గర అడిగినా తడుముకోకుండా చెబుతారు. నీళ్ల కోసం ఇంత తంటా పడ్డ ప్రభుత్వాలు వెలుతురు సంగతి మాత్రం గాలికొదిలేశాయి. ఫలితం చూడాలంటే పటమట నుంచి భవానీపురం దాకా ఏ అపార్ట్‌మెంట్ తలుపైనా తట్టండి. హాల్లో టీవీ పక్కన తెల్ల కుండీలో ఒక మాన్‌స్టెరా ఉంటుంది. కాడలన్నీ కిటికీ వైపే సాచి, ఒంటి పక్కకి ఒరిగిపోయి, ఎవరైనా పట్టుకోకపోతే పడిపోయేలా ఉంటుంది. చిల్లులున్న ఆకుల కోసమని ముచ్చటపడి కొన్నారు. కొత్తగా వచ్చే ఆకేమో తమలపాకంత ఉంటుంది, దానికి ఒక్క చిల్లూ ఉండదు.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది. మిట్టమధ్యాహ్నం డాబా మీద లక్ష లక్స్ (వెలుతురుని కొలిచేది లక్స్‌లలోనే) వెలుతురు ఊరికే పడి ఉంటుంది. అదే క్షణంలో కింద ఫ్లాట్‌లో టీవీ మూలకి చేరేది వంద లక్స్ ఉంటే గొప్ప. మిగతాదంతా ఎటు పోయింది? దారిలో ఎవరి ప్రాజెక్టు వాళ్లు కట్టుకున్నారు. పై ఫ్లాట్ బాల్కనీ కొంత ఆపింది. మన బాల్కనీలో ఆరేసిన దుప్పట్లు కొంత మళ్లించాయి. కిటికీ అద్దానికి నల్ల ఫిల్మ్, దాని వెనక దోమల మెష్, ఆ వెనక గృహప్రవేశానికి కుట్టించిన రెండు పొరల పరదా. ఇవన్నీ తాగగా మిగిలింది సోఫా వీపు మీద పడి ఆగిపోతుంది. మొక్కది చివరి ఆయకట్టు. చివరి ఆయకట్టు బాధ ఏమిటో దివిసీమ రైతుని అడిగితే చెబుతాడు.

ఈ అన్యాయంలో నర్సరీల పాత్రని కూడా విచారించాలి. కడియం నుంచి లోడు దిగిన నర్సరీలో పచ్చటి నెట్టు కింద మొక్కలు కళకళలాడుతుంటాయి. "దీనికి ఎండ కావాలా బాబూ?" అని అడగండి. "నీడ మొక్కండీ, బెడ్‌రూమ్‌లో ఏసీ కింద పెట్టినా బతుకుద్ది" అంటాడు. అబద్ధం కాదు. బతుకుద్ది. ఆరు నెలలు ఒక్క ఆకూ వెయ్యకుండా పాత ఆకుల్లో దాచుకున్నది తింటూ బతుకుద్ది. ఆ నెట్టు కింద పడేది ఆరుబయట ఎండలో సగమో పావు వంతో అన్న ముక్క మాత్రం బిల్లులో రాయడు.

చదువుకున్నవాళ్లు ఇంకో వాదం తెస్తారు. అది అడవి మొక్క కదా, దట్టమైన అడవి నేల మీద ఎండలో వందోవంతో రెండు వంతులో పడితే గొప్ప, కాబట్టి చీకటి దానికి అలవాటేనంటారు. నిజానికి ఈ కుటుంబం కథ అంతకన్నా తమాషాగా ఉంటుంది. అడవిలో మొలిచిన ఒక రకం మాన్‌స్టెరా తీగ వెలుతురు వైపు కాక చీకటి వైపు పాకుతుందని 1975లో శాస్త్రవేత్తలు రాశారు. చీకటిగా కనపడే చోట పెద్ద చెట్టు మొదలుంటుంది. అది దొరగ్గానే దాన్ని పట్టుకుని వెలుతురులోకి ఎగబాకుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఆకు పెద్దదై చిల్లులు పడుతుంది. అంటే చీకట్లోకి అది వెళ్లేది మెట్లు వెతుక్కోవడానికి. మనం మెట్లు తీసేసి చీకటి మాత్రం ఇచ్చాం.

"మా హాల్లో బోలెడు వెలుతురండీ" అనేవాళ్లకి ఒక్కటే జవాబు. మన కన్ను నమ్మదగ్గ సాక్షి కాదు. చీకటిగదిలోకి వెళ్లిన కాసేపటికే సర్దుకుని, అంతా బాగానే ఉందని సంతకం పెట్టేస్తుంది. ఆకు అలా సర్దుకోదు. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ వేసుకుంటే సుమారు లెక్కయినా వస్తుంది. కిటికీ పక్కన మూడు నాలుగు వేలు చూపించిన ఫోనే పది అడుగులు వెనక్కి నడిస్తే రెండు మూడొందలకి దిగి మన పరువు తీస్తుంది. మాన్‌స్టెరా సుఖంగా ఎదగాలంటే నాలుగైదు వేలకి తక్కువ కాకుండా రోజంతా అందాలి. యాప్ కూడా వద్దనుకుంటే పగలు పదకొండింటికి కుండీ చోట తెల్లకాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తున అరచెయ్యి చాపండి. నీడ అంచులు గీసినట్టు పడితే అక్కడ ఎండ ఎక్కువ. అంచులు మసకగా ఉండి, అది చెయ్యేనని తెలుస్తుంటే మొక్క అడుగుతున్నది ఆ చోటే. నీడే పడకపోతే అక్కడ ప్లాస్టిక్ మొక్క పెట్టుకోండి. దుమ్ము తుడిస్తే చాలు, ఎవరి పరువూ పోదు.

తర్వాతి ప్రతివాది వాస్తు. పల్చటి ఉదయపు వెలుతురు తూర్పు నుంచి వస్తుంది, ఆకుల మొక్కకి అంతకన్నా మేలైనది లేదు. మన ఇళ్లలో ఆ వెలుతురు బాగా పడే మూల ఈశాన్యం. అక్కడ బరువు పెట్టకూడదు. బరువు నైరుతిలో పెట్టాలి కాబట్టి పదిహేను కిలోల కుండీ మాస్టర్ బెడ్‌రూమ్ బీరువా పక్కకి పోతుంది. మనీప్లాంట్‌దీ అదే గతి. అది ఆగ్నేయంలో ఉంటేనే డబ్బు నిలుస్తుందట. మన ఫ్లాట్లలో ఆగ్నేయమంటే వంటిల్లు. పసిఫిక్ మహాసముద్రంలో ఎక్కడో మూరియా దీవిలో పుట్టిన తీగ, పక్కింట్లో దొంగతనానికి గురై (దొంగిలిస్తేనే కలిసొస్తుందంటారు), చివరికి చిమ్నీ కింద తాలింపు పొగ పీలుస్తూ మన అప్పులు తీర్చాలి. సిద్ధాంతిగారికి నా విన్నపం ఒక్కటే. కొబ్బరి పొట్టు నింపిన ప్లాస్టిక్ కుండీ బరువు కిందికి రాదని ఒక్క వాక్యం రాసిస్తే రాష్ట్రంలో వేల ప్రాణాలు నిలబడతాయి.

వాస్తు నమ్మనివాళ్లు వీడియోలు నమ్ముతారు. దక్షిణపు కిటికీ శ్రేష్ఠమని ఏ లండన్ వాసో చెబితే తలూపుతారు. ఆయన ఊళ్లో మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపే ఉంటాడు. బెజవాడ ఉన్నది పదహారున్నర డిగ్రీల దగ్గర. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో వస్తాడు. ఆ మధ్య రోజుల్లో మనకి ఉత్తరంగా ఉంటాడు. అందుకే జూన్‌లో ఉత్తరపు కిటికీలోంచి పొద్దునా సాయంత్రం కాస్త ఎండ లోపలికి పడుతుంది, దక్షిణపు కిటికీ చల్లగా ఉంటుంది. సంక్రాంతి నాటికి వరస తిరగబడి దక్షిణపు ఎండ హాలు మధ్యకి వచ్చి కూర్చుంటుంది. పంచాంగం చూసి పెళ్లిళ్లు పెట్టుకునే జాతి, కుండీ జరపడానికి అయనాలు చూసుకోలేదా? పడమటి కిటికీ మాట వేరే. మే నెల నాలుగు గంటలప్పుడు ఆ అద్దం పక్కన ఆకుని వదిలేస్తే కాలిన మచ్చలు పడతాయి, ఆ మచ్చలు మళ్లీ మానవు. పాత తెల్ల పంచె ఒకటి కిటికీకి అడ్డం కడితే చాలు. అంత పల్చటి బట్టని పరదా అనడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. అదొక ఉపవివాదం.

ఇక మొక్క దిగాలుగా ఉందని తెలియగానే మనవాళ్లు చేసే మొదటి పని నీళ్లు పొయ్యడం. పొద్దున తులసికి పోసిన చెంబులో మిగిలింది దీనికి, సాయంత్రం తాగగా మిగిలిన గ్లాసూ దీనికే. వెలుతురు లేని చోట ఆకు పని చెయ్యదు, పని చెయ్యని ఆకు నీళ్లు లాగదు. పోసినవి పోసినట్టే కుండీలో నిలిచి వేళ్లు కుళ్లి, మట్టి వాసనేసి, చిన్న నల్ల దోమలు లేస్తాయి. అప్పుడు ఆకులు పసుపెక్కుతాయి. పసుపెక్కాయని ఎరువు వేస్తారు.

ఇంత జరిగాక కొందరు దాతలు ఎండకి బదులు మొక్క మీద వెలిగించే గ్రో లైట్ తెస్తారు. తప్పు పట్టను, పనిచేస్తుంది. తెల్లటి ఇరవై వాట్ల ఎల్‌ఈడీని ఆకుకి అడుగు దూరంలో రోజుకి పన్నెండు గంటలు వెలిగిస్తే నెలకి ఏడు యూనిట్ల కరెంటు. ఊదారంగు దీపం కొన్నవాళ్ల ఇంటి గురించి మాత్రం కింద వాచ్‌మన్ ఏవేవో ఊహించుకుంటున్నాడు. నా అభ్యంతరం ఆర్థికపరమైనది. ఊరికే వచ్చే సూర్యుణ్ని నల్ల ఫిల్మ్ వేసి డబ్బిచ్చి బయటికి పంపాం. ఇప్పుడు ఆయన్నే మీటరు రేటుకి తిరిగి కొంటున్నాం.

కాబట్టి ట్రిబ్యునల్ వెయ్యక తప్పదు. పరదా పొద్దున ఏడు నుంచి పది దాకా తీసి ఉండాలి, సోఫా ఒక అడుగు జరగాలి, కిటికీకి మూడడుగుల లోపు స్థలంపై మొదటి హక్కు ఆకులదే కావాలి. ముందుగా విచారించాల్సిన కేసు మా సందులోనే సిద్ధంగా ఉంది. ఎదురు అపార్ట్‌మెంట్ తెల్ల గోడ మీంచి తిరిగొచ్చే వెలుతురే మా రెండో అంతస్తు మొత్తానికి ఆధారం. ఇప్పుడు ఆ గోడకి వాళ్లు ముదురు బూడిద రంగు వేస్తున్నారు. ఆనకట్ట ఎత్తు పెంచినట్టు ఎగువవాళ్లు ఇలా ఏకపక్షంగా రంగు మార్చుకుంటూ పోతే దిగువవాళ్లు ఏమైపోవాలని వాళ్ల సెక్రటరీగారికి మర్యాదగా లేఖ రాశాం. సాయంత్రానికి జవాబొచ్చింది: "ముందు మీవాళ్లని పరదాలు తియ్యమనండి, రంగు సంగతి తర్వాత చూద్దాం."