టీఏ బిల్లులో ఒక గడి

టీఏ బిల్లు నింపడం ఒక కళ. తేదీలు, రైలు చార్జీలు, దినభత్యం ఎవరైనా రాస్తారు. పెన్ను ఆగేది ‘పర్యటన ఉద్దేశం’ అనే గడి దగ్గరే. మన గుమాస్తాలు తరతరాలుగా అక్కడ ‘ఆఫీసు పని మీద’ అని గీకి పడేస్తున్నారు. హిట్లర్ కాలపు జర్మనీ విదేశాంగ శాఖలో పనిచేసిన ఫ్రాంజ్ రాడెమాఖర్ గారికి ఇలాంటి బద్ధకం గిట్టదు. 1941 అక్టోబరులో, జర్మన్ సైన్యం ఆక్రమించిన సెర్బియాలోని బెల్‌గ్రేడ్ వెళ్లొచ్చి ఆ గడిలో ఆయన రాసుకున్నది ఇదీ: బెల్‌గ్రేడ్‌లో యూదుల నిర్మూలన, బుడాపెస్టులో హంగేరీ ప్రతినిధులతో చర్చలు.

చూశారా, ఒకే ట్రిప్పులో రెండు పనులు! ఖజానాకు ఎంత ఆదా!

‘మా శాఖకేం తెలుసు, చేసిందంతా ఎస్ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) వాళ్లే’ అని యుద్ధం తర్వాత దశాబ్దాలపాటు సన్నాయి నొక్కులు నొక్కిన పెద్దమనుషుల కోసమే ఈ బిల్లు ముచ్చట. బిల్లు వెళ్లింది ఎస్ఎస్‌కి కాదు బాబూ, మీ శాఖకే.

రాడెమాఖర్ గారు లా చదివింది రోస్టాక్, మ్యూనిక్‌లలో. 1937లో శాఖలో చేరి, ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో పనిచేసి, 1940లో బెర్లిన్ వచ్చి ‘డి 3’ సెక్షన్ పెద్ద అయ్యారు. అంటే యూదుల వ్యవహారాలు. జులై 3 కల్లా, ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి మీద నోట్ తయారు. ఫ్రాన్స్ ఆ దీవిని అప్పగించాలి, అక్కడున్న పాతికవేల మంది ఫ్రెంచివాళ్లను పరిహారమిచ్చి ఖాళీ చేయించాలి, యూరప్ యూదులను అక్కడికి తోలాలి. వాళ్లకు సొంత మేయర్లు, సొంత పోస్టాఫీసు, సొంత రైల్వే కూడానట! నెత్తిన మాత్రం జర్మన్ పోలీసు గవర్నరు. లా చదివిన చెయ్యి కదా, పోస్టాఫీసుతో సహా ఏ క్లాజూ మర్చిపోలేదు. మర్చిపోయిందల్లా సముద్రం శత్రువులైన ఇంగ్లీషువాళ్లదన్న సంగతే.

బెల్‌గ్రేడ్‌లో ఉన్న జర్మన్ దౌత్యాధికారి బెంజ్లర్, ఎనిమిది వేల మంది యూదు మగవాళ్లను ఇక్కణ్ణించి తరలించండి మహాప్రభో అని పదేపదే తంతి కొట్టాడు. 1941 సెప్టెంబరు 13న మన లాయరుగారు, యూదుల తరలింపు చూసే ఎస్ఎస్ అధికారి ఐష్‌మన్‌కి ఫోన్ చేసి, వచ్చిన జవాబును కాగితం మీద గిలికారు: ‘ఐష్‌మన్ కాల్చేయమంటున్నారు.’ అంతే. నోట్ ఫైల్లోకి, ఆయన బెల్‌గ్రేడ్‌కి. అప్పటికే ఒక జర్మన్ సైనికుడు చస్తే వందమందిని కాల్చే లెక్కన సైన్యం పని కానిచ్చేస్తోంది. అక్టోబరు 25 నాటి నివేదికలో, మగవాళ్లను ఈ వారాంతానికల్లా కాల్చేస్తారు, కాబట్టి సమస్య తీరిపోయింది అని రాశారు. తీరిపోయిందట! మొగుళ్లను, తండ్రులను చంపి, మిగిలిన ఆడవాళ్లను, పసిపిల్లలను బెల్‌గ్రేడ్ దగ్గరి సైమిష్టే క్యాంపులో కుక్కి, 1942లో విషవాయువు నింపే వ్యాన్లలో ఎక్కించి చంపేదాకా తీరని ‘సమస్య’. ఈ మాట రాస్తుంటే ఆ చేతికి ఒక్క వణుకన్నా పుట్టలేదురా?

క్షమించాలి, అధికారులను ‘రా’ అనకూడదు.

1952లో న్యూరెంబర్గ్‌లోని జర్మన్ కోర్టు ఆయనకు మూడేళ్ల అయిదు నెలలు వేసింది. శిక్ష అమలయ్యేలోపే దొరవారు సిరియా చెక్కేశారు. అక్కడ 1963లో గూఢచారి అంటూ జైల్లో తోశారు, అది వేరే కథ. 1966లో తిరిగొస్తే, రెండేళ్లకు బాంబెర్గ్ కోర్టు జైలుశిక్ష వేసి కూడా ఇంటికి పంపింది. 1971లో కార్ల్స్‌రూహేలోని పై కోర్టు మళ్లీ విచారించమంది. 1973 మార్చిలో ఆయన బాన్‌లో పోయారు. వాయిదాలు వేసే శ్రమ కోర్టుకు తప్పింది.